రెండు పారల గట్టు

ఆదివారం మధ్యాహ్నం రాజ్యలక్ష్మి సగం భోజనంలో లేచి, ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే పెరట్లోకి వెళ్ళిపోయిన దగ్గర మనం ఆగాం. ఇవాళ బుధవారం. ఆవిడ ఇంకా ఆ పిల్లతో ఒక్క మాటా మాట్లాడలేదు.

ఆ పిల్ల పేరు సూలాన్. రంగయ్య కొడుకు ధర్మతేజ చైనాలో డాక్టరీ చదివే రోజుల్లో అక్కడే చదువుకున్న అమ్మాయి. ఇప్పుడు వాళ్ళ ఊళ్ళో పిల్లల డాక్టరు. చేసుకుంటే ఆమెనే చేసుకుంటానని తేజ పట్టుబట్టి కూర్చున్నాడు. ముందు మహమ్మారి వచ్చి దేశాల తలుపులు మూసుకున్నాయి. తర్వాత లడఖ్ కొండల్లో సైనికులు కలబడి, మూసిన తలుపులకి గడియలు కూడా పడ్డాయి. వీసాలు మళ్ళీ ఇస్తున్నారని తెలిసిన నెలలోనే ఆ పిల్ల సింగపూర్ మీదుగా హైదరాబాదు, అక్కణ్ణుంచి రాయచూరు, అక్కణ్ణుంచి తేజ బండి వెనకాల కూర్చుని ఇడపనూరు అవతల ఆంధ్ర నుంచి వచ్చిన రైతులు కట్టుకున్న ఈ క్యాంపుకి వచ్చేసింది.

రంగయ్యకి అభ్యంతరం లేదు. కాకపోతే కొడుక్కి ఒక మాట ముందే చెప్పాడు. "పెద్దత్త సరే అంటే నాకూ సరే. ఆవిడ వద్దంటే ఈ మాట ఇక ఇంట్లో ఎత్తకు."

అందులో న్యాయం ఉంది. తల్లి మాధవీలత పోయేనాటికి తేజ నాలుగో తరగతి. అప్పట్నుంచీ వాణ్ణి పెంచింది రంగయ్య అక్కగారు రాజ్యలక్ష్మే. ఆవిడకి పదహారో ఏట పెళ్ళయింది. పెళ్ళైన మరుసటేడే, అరవై రెండులో, భర్త గవర్రాజు చైనాతో యుద్ధానికి వెళ్ళాడు. నేఫా కొండల్లో, అంటే ఇప్పటి అరుణాచల్‌లో, ఎక్కడో కనబడకుండా పోయాడు. చచ్చిపోయాడన్న కబురు రాలేదు. కనబడుట లేదు అన్న తంతి ఒక్కటే వచ్చింది. తిథి తెలియని మనిషికి తద్దినం పెట్టనని ఆవిడ భీష్మించుకుంది. ఎనభై ఏళ్ళు వచ్చినా నుదుట బొట్టు తియ్యలేదు. క్యాంపులో ఎవరూ ఆవిణ్ణి ఆ విషయం అడగరు.

ఆదివారం అడిగినవాడు మాధవీలత తమ్ముడు బాబ్జీ. మంచివాడే గాని నోటికి బ్రేకుల్లేని మనిషి. పులుసు పోసుకుంటూ, "ఏమ్మాయ్, అప్పట్లో భాయీ భాయీ అంటూనే మీవాళ్ళు మా మీదకి ఎందుకొచ్చారమ్మా?" అన్నాడు, వానల సంగతి అడిగినంత తేలిగ్గా.

సూలాన్ అబద్ధం చెప్పి తప్పించుకోవచ్చు. నవ్వి ఊరుకోవచ్చు. రెండూ చెయ్యలేదు. కొంత తెలుగులో, కొంత ఇంగ్లీషులో చెప్పింది. తేజ గొంతు తగ్గించుకుంటూ తెలుగు చేశాడు.

"మా బడి పుస్తకంలో ఇంకోలా ఉంది మావయ్యా. ఆ సరిహద్దు గీత ఇంగ్లీషువాళ్ళు గీశారట. చైనా ఎప్పుడూ ఒప్పుకోలేదట. మీ సైన్యం ముందుకి ముందుకి వచ్చి కొత్త ఠాణాలు పెట్టిందట. వద్దని ఎన్నిసార్లు చెప్పినా వినలేదట. అందుకని ఆత్మరక్షణకి తిరిగి కొట్టాం, గెలిచాక మా అంతట మేమే వెనక్కి వచ్చేశాం అని ఉంది. పరీక్షలో అదే రాశాను."

రంగయ్య కూడా తన కాలేజీ రోజుల్లో పరీక్ష రాశాడు. అతను రాసింది వేరు. స్నేహం నటిస్తూనే మనకి చెప్పకుండా అక్సాయ్ చిన్‌లో రోడ్డు వేసుకున్నారు, అక్టోబరులో ఒక తెల్లవారుజామున రెండు కొసల నుంచీ ఒకేసారి మీదపడ్డారు, చలిబట్టలు కూడా సరిగా లేని మనవాళ్ళు కొండల మీద దొరికిపోయారు. దానికీ మంచి మార్కులే వచ్చాయి.

రాజ్యలక్ష్మి ఏ పరీక్షా రాయలేదు. కంచం కేసి చూస్తూ, "అయితే ముందు వెళ్ళింది మా ఆయనేనన్నమాట," అని లేచిపోయింది.

ఆ తర్వాత సూలాన్ చేసిన పని ఒకటుంది. రంగయ్య తప్ప ఎవరూ గమనించినట్టు లేదు. రోజూ పొద్దున్నే స్టీలు గ్లాసుతో నీళ్ళు తీసుకెళ్ళి, రాజ్యలక్ష్మి మంచం పక్కన పీట మీద పెట్టి, "మంచినీళ్ళు," అని చెప్పి వచ్చేస్తుంది. ఆ పిల్ల నేర్చుకున్న మొదటి తెలుగు మాట అదేనట. హాస్టల్లో తేజ జ్వరంతో పడి కలవరించినప్పుడు పట్టుకుందట. సోమవారం ఆ గ్లాసు పెట్టింది పెట్టినట్టే సాయంత్రం దాకా ఉంది. మంగళవారం సగం ఉంది. ఇవాళ పొద్దున్న చూస్తే ఖాళీగా, బోర్లించి ఉంది. తాగిందో, తులసి మొక్కకి పోసిందో రంగయ్య అడగలేదు. కొన్ని అడక్కుండా ఉంటేనే అవి మంచివిగా మిగులుతాయి.

ఆ బోర్లించిన గ్లాసు చూసి కాస్త ఊపిరి పీల్చుకుంటున్నాడో లేదో, పొలం వైపు నుంచి హంపమ్మ కేక వినబడింది. నాట్లకి ఆడవాళ్ళని కూడగట్టుకొచ్చే మేస్త్రి ఆమె. గొంతు కాలవ అవతలికి కూడా వినబడుతుంది.

"రంగన్నా! జర జల్ది రా! మీ సులోచనమ్మ గట్టు మీద పార ఏసింది!"

సూలాన్ అనడం ఎందుకని హంపమ్మ మొదటి రోజే ఆ పిల్లకి సులోచన అని పేరు పెట్టేసింది. రంగయ్యకి పేరు సంగతి పట్టలేదు. "ఏ గట్టు?" అని అరిచాడు, తెలిసే.

"ఇంకే గట్టు? రెండు పారల గట్టే!"

చెప్పుల్లేకుండానే పరిగెత్తాడు.

రంగయ్య పొలానికీ తిమ్మప్ప పొలానికీ మధ్య ఉన్న గట్టు అది. రంగయ్య తండ్రి గోదావరి నుంచి వచ్చి ఇక్కడ భూమి కొన్నప్పుడు ఇవన్నీ జొన్న పండే నల్లరేగడి చేలు. కాలవ నీళ్ళు వచ్చాక మడులు కట్టారు. మడి ఉంటే గట్టు ఉండాలి. ఏటా నాట్ల ముందు గట్టు పక్కలు పారతో చెక్కి, గడ్డి తీసేసి, బురద మెత్తాలి. చెక్కేవాడు తన వైపు నాలుగు వేళ్ళ మందం ఎక్కువ చెక్కితే తన మడి నాలుగు వేళ్ళు పెరుగుతుంది. అవతలివాడూ అదే తెలివి చూపిస్తే కొన్నేళ్ళకి ఆ గట్టు మీద పిల్లి కూడా నడవలేదు.

అలాగే అయింది. తిమ్మప్ప ఇంట్లో చెప్పుకునే కథ ఏమిటంటే, ఆంధ్ర నుంచి వచ్చినవాళ్ళు ట్రాక్టరు పెట్టి చదును చేసే నెపంతో గట్టుని మూరెడు ఇవతలికి జరిపారు. రంగయ్య ఇంట్లో చెప్పుకునే కథ ఏమిటంటే, నడిచే దారి కోసం తమ తండ్రి మూరెడు వదిలిపెడితే తిమ్మప్ప తండ్రి అందులో కంది చల్లుకున్నాడు. రెండు కథలూ అక్షరం పోకుండా తండ్రుల నుంచి కొడుకులకి వచ్చాయి. ఒక ఏడు పారలు మట్టి మీద నుంచి మనుషుల మీదకి లేచాయి. తిమ్మప్ప కనుబొమ పైన ఇప్పటికీ ఉన్న మచ్చ ఆ రోజుదే. అప్పుడు పెద్దలు కూర్చున్నారు. ఎవరు ముందన్నది తేల్చలేక దాన్ని వదిలేసి, కట్టుబాటు ఒకటి పెట్టారు. ఆ గట్టు మీద ఎవరూ ఒంటరిగా పార వెయ్యకూడదు. ఇద్దరూ ఒకే రోజున చెరో చివర మొదలుపెట్టి, ఎదురెదురుగా చెక్కుకుంటూ వచ్చి మధ్యలో కలవాలి. గట్టు నెత్తి మీద కంది ఒక ఏడు వాళ్ళది, ఒక ఏడు వీళ్ళది. ముప్పై ఏళ్ళుగా ఆ కట్టుబాటు తప్పలేదు.

ఈ ఏడు కంది తిమ్మప్పది. గట్టు చెక్కడం శుక్రవారమని ఇద్దరూ అనుకున్నారు.

రంగయ్య వెళ్ళేసరికి సూలాన్ ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, పార పట్టుకుని బురదలో నిలబడి ఉంది. గట్టు సగం దాకా రెండు వైపులా నున్నగా చెక్కి ఉంది. నిజం చెప్పాలంటే అంత శుభ్రంగా రంగయ్య కూడా ఎప్పుడూ చెక్కలేదు. నెత్తి కూడా నున్నగానే ఉంది. మూడాకులేసిన కంది మొక్కలు పక్కన కుప్పగా పడున్నాయి. మిగతా సగం గట్టు మీద కంది వరస అలాగే నిలబడి ఉంది.

అవతలి మడిలో తిమ్మప్ప. తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాడు. అది కోపానికి గుర్తు.

"ఏంది రంగన్నా ఇది? ఈ ఏడు నా వంతు గాదా? నా కంది గాదా? శుక్రారం ఇద్దరం గలిసి చెక్కుదమంటిమి. నేను ఇంట్ల జొన్నరొట్టె తింటుంటె మీ ఇంటోళ్ళు ఈడ పార ఏస్తరా?"

"తిమ్మప్పా, నాకు తెలీదు. ఇప్పుడే..."

"తెల్వదంటె అయిపాయె! మీ నాయిన గూడ గట్లనే అనె. ట్రాక్టరాయన జరిపిండు, నాకు తెల్వదు అనె. మూరెడు పాయె!"

"మా నాన్న జరపలేదు. దారికి మూరెడు వదిలింది మా నాన్న! అందులో కంది చల్లింది ఎవరు?"

ఆ మాట తన నోట్లోంచి తన తండ్రి గొంతుతో రావడం రంగయ్యకే వినబడింది. సిగ్గేసింది. కాని అప్పటికే తిమ్మప్ప కనుబొమ మీద మచ్చ ఎర్రబడింది.

సరిగ్గా అప్పుడే బాబ్జీ దారి మీద ట్రాక్టరు ఆపి దిగాడు. గట్టు చూశాడు, కుప్ప చూశాడు, పార చూశాడు. "ఇంకేముంది బావా, చైనావాళ్ళు గట్టు దాటేశారు!" అని నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. ఆ వాక్యంలో ఒక్క మాట సూలాన్‌కి బాగా తెలుసు. ఆ పిల్ల పారని నెమ్మదిగా కింద పెట్టేసింది.

"నువ్వు ఊరుకో మావయ్యా," అన్నాడు తేజ, రొప్పుతూ వచ్చి. "తిమ్మప్ప మావా, ఆ అమ్మాయికి ఇక్కడి సంగతులు తెలీవు. ఎవరూ చెప్పలేదు. తప్పు మాది..."

"కాదు," అంది సూలాన్.

అందరూ ఆమె కేసి తిరిగారు. తెలుగు మాటలు ఒక్కొక్కటే వెతుక్కుని, వరసలో పెట్టుకుంటూ చెప్పింది.

"తెలీదు. అది నిజం. కాని చేసింది నేను. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఎవరూ పంపలేదు. నేనే ముందు."

ముప్పై ఏళ్ళలో, అంతకు ముందు తండ్రుల కాలంలో కూడా, ఆ గట్టు మీద నిలబడి నేనే ముందు అన్న మనిషి లేడు. అలాంటి మాటకి బదులు చెప్పే అలవాటు తిమ్మప్పకి లేదు.

"ఎందుకు చెక్కావు?"

వెనక నుంచి వచ్చిందా మాట. రాజ్యలక్ష్మి కర్ర పొడుచుకుంటూ కాలవ గట్టు దిగి వస్తోంది. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ పొలం దాకా వచ్చి ఏడాది అవుతోంది. ఆదివారం తర్వాత ఆవిడ ఆ పిల్లతో ఆడిన మొదటి మాట అదే. ప్రశ్న కటువుగానే ఉంది. అయినా రంగయ్యకి ఎక్కడో చల్లబడింది. అడిగిందంటే జవాబు వినడానికి సిద్ధపడ్డట్టే కదా.

"మీరు నిన్న అన్నారు," అంది సూలాన్. "వంటింట్లో. గట్టు అంతా గడ్డి, కాలు జారుతుంది, నేను పొలం చూడాలంటే ఎలా వెళ్ళను, ఎవరికీ పట్టదు అని. మీరు నాతో చెప్పలేదు. కాని నాకు అర్థమైంది."

"అర్థమైతే ఆ గట్టు మన ఒక్కళ్ళదే అని ఎవరు చెప్పారు?"

ఆ పిల్ల తేజ కేసి చూసి ఇంగ్లీషులో చెప్పింది. అతను తెలుగు చేశాడు. "వాళ్ళ అమ్మమ్మ ఊళ్ళో కూడా వరేనట అత్తా. కొండ మీద మెట్లు మెట్లుగా మడులు. అక్కడ పై మడి ఎవరిదైతే గట్టు వాళ్ళదేనట. కింద వాళ్ళకి దాని మీద హక్కు లేదు. మన మడి తిమ్మప్ప మావ మడి కంటే జానెడు ఎత్తు కదా. అందుకని రెండు వైపులూ మనమే చెక్కాలనుకుంది."

"ఆ కంది?"

దీనికి ఆ పిల్లే జవాబు చెప్పింది. "గడ్డి అనుకున్నాను. మా దగ్గర గట్టు మీద సోయా వేస్తారు. ఇది నేను చూడలేదు. సగం అయ్యాక చూశాను, వరస ఉంది. గడ్డి వరసలో రాదు. అప్పుడు ఆగాను."

రాజ్యలక్ష్మి ఒంగి, కుప్పలోంచి ఒక కంది మొక్క తీసి వేరు చూసింది. వేరు సగంలో తెగిపోయింది. మళ్ళీ నాటినా బతకదు. దాన్ని పడెయ్యకుండా చేతిలోనే ఉంచుకుంది.

"తిమ్మప్పా," అంది. "పోయింది పోయింది. ఇంకా వానలున్నాయి. మా ఇంట్లో గంపెడు కంది విత్తనం ఉంది. ఇవాళే పెట్టిస్తాను. ఆలస్యంగా మొలుస్తుంది కాబట్టి కాపు తగ్గుతుంది. అందుకని వచ్చే ఏడు కూడా గట్టు నెత్తి నీదే. సరిపోతుందా?"

తిమ్మప్ప తలగుడ్డ చేతిలో మెలిపెట్టాడు. "నీ మాట నేను ఎన్నడన్న తీసేసిన్నా అక్కా? గాని చెక్కుడు మాత్రం ఇద్దరం ఉంటెనె."

"ఉండమనే అంటున్నాను. వెళ్ళి నీ పార తెచ్చుకో. శుక్రవారం దాకా ఎందుకు? సగం అయినదాన్ని అలా వదిలేస్తే వానకి జారిపోతుంది."

తిమ్మప్ప తలగుడ్డ మళ్ళీ చుట్టుకున్నాడు. వెళ్ళబోతూ ఆగి సూలాన్ చేతుల కేసి చూశాడు. బొబ్బలెక్కి ఉన్నాయి. "గట్ల బిగించి వడితె గింతే సులోచనమ్మా. పారను కోడిపిల్ల లెక్క వట్టుకోవాలె. జారొద్దు, సావొద్దు," అని పిడికిలి వదులు చేసి చూపించాడు. ఆ పిల్లకి మాటలు సగమే తెలిశాయి గాని పిడికిలి తెలిసింది. తనూ అలా పట్టి చూపించింది. తిమ్మప్పకి నవ్వొచ్చింది. హంపమ్మ నడుమున దోపుకున్న మెత్తటి పాతగుడ్డ తీసి, చింపి, రెండు చేతులకీ కట్టింది.

బాబ్జీకి గుండె మీద బరువు దిగినట్టుంది. "చూశారా వదినగారూ! దేశాల తగాదాలు కూడా ఇంతే. ఒకళ్ళ గట్టు పద్ధతి ఇంకోళ్ళకి తెలీదు. మనలాగా కూర్చుని మాట్లాడుకుంటే..."

"కాదు బాబ్జీ," అంది రాజ్యలక్ష్మి. గొంతు పెంచలేదు. "గట్టు తెగితే బురద మెత్తుతాం. కంది పోతే మళ్ళీ పెడతాం. మనిషి పోతే ఏం మెత్తుతావు?"

బాబ్జీ ట్రాక్టరు కేసి చూశాడు. తర్వాత మడి కేసి చూశాడు. తర్వాత, ఎన్నడూ లేనిది, ఊరుకున్నాడు.

రాజ్యలక్ష్మి తూము దగ్గరున్న సిమెంటు దిమ్మ మీద కూర్చుని, పక్కన చేత్తో తట్టింది. సూలాన్ వెళ్ళి కూర్చుంది. బురద కాళ్ళు ఆవిడ చీరకి తగలకుండా ముడుచుకుంది.

"నీ మీద నాకు కోపం వచ్చింది," అంది రాజ్యలక్ష్మి. "మీ పుస్తకంలో అలా రాశారని కాదు. ఏ దేశం వాళ్ళు ఆ దేశానికి మంచిగానే రాసుకుంటారు. మావాళ్ళు మాకు రాసింది నేను నమ్ముతాను. మీవాళ్ళు రాసింది నువ్వు నమ్ము. కాని మొన్న నువ్వు అదంతా చెబుతుంటే అందులో ఎక్కడైనా మనుషులొస్తారేమోనని విన్నాను. ఠాణాలొచ్చాయి, గీతలొచ్చాయి, సైన్యాలొచ్చాయి. ఒక్క మనిషి రాలేదు. మా రంగడు చదివిన పుస్తకంలోనూ రాలేదు. అడుగు కావాలంటే."

రంగయ్య తల దించుకున్నాడు. నిజమే. ఆ పాఠంలో తేదీలున్నాయి, పోయినవాళ్ళ లెక్క ఉంది. బావగారి మొహం లేదు.

తేజ ఆ మాటలన్నీ ఇంగ్లీషులో చెప్పాడు. సూలాన్ విని, నెమ్మదిగా ఇంగ్లీషులో మొదలుపెట్టింది. ఇప్పుడు తేజ మొహం మారిపోయింది. మధ్యలో ఆపి ఏదో అడిగాడు. ఆమె తలూపింది.

"నాకు కూడా చెప్పలేదు నాన్నా," అన్నాడు తేజ. "వాళ్ళ తాత అప్పుడు ఆ కొండల్లోనే ఉన్నాడట."

హంపమ్మకి కథంతా తెలియకపోయినా ఏదో తెలిసింది. నాట్ల ఆడవాళ్ళని అటు మడిలోకి నడిపించుకుపోయింది.

"సైనికుడా?" అంది రాజ్యలక్ష్మి. ఆవిడ చేతిలో కంది మొక్క ఇంకా ఉంది.

"కాదు," అంది సూలాన్ గబగబా. "గుర్రం కాదు, గాడిద కాదు, రెండూ కలిసినవి... వాటి మీద బరువు. బియ్యం, మందులు. దారి మీద తోలుతాడు. కూలీ. ఆదివారం మీరు లేచి వెళ్ళాక నేను ఇంటికి ఫోన్ చేశాను. తాత ఇంత వరకూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. మీ గురించి చెప్పాను. అప్పుడు అన్నాడు, ఆ అమ్మగారిని ఒకటి అడగాలి, నిన్ను కాదు, ఆవిణ్ణే అడగాలి అని. నేను భయపడ్డాను. మీతో చెప్పలేకపోయాను. ఇంట్లో వాళ్ళు చెబుతున్నారు, మూడు రోజులుగా ఫోన్ పక్కనే కూర్చుంటున్నాడట."

రంగయ్యకి అక్క ఏమంటుందో తెలియలేదు. ఆవిడ లేచి వెళ్ళిపోతే తేజ పెళ్ళి మాట ఇక్కడితో సరి. ఆపడానికి ఎవరికీ హక్కు లేదు. ఫోను చేశాక ఆ ముసలాయన అనకూడనిది ఏదైనా అంటే? అప్పుడూ అంతే.

రాజ్యలక్ష్మి కొంగుతో మొహం తుడుచుకుని, బొట్టు చెదిరిందేమోనని వేలితో తడిమి చూసుకుంది.

"పిలువు," అంది.

క్యాంపు ఇళ్ళలో ఫోను సరిగా పలకదు. కాలవ గట్టు మీద బాగా పలుకుతుంది. సూలాన్ వీడియో కాల్ చేస్తే రెండు మోతలకే అవతల ఎత్తారు. తెర మీద నీలం టోపీ పెట్టుకున్న ముసలాయన కనిపించాడు. మొహం నిండా ముడతలు. వెనక గోడకి ఎండుమిరపకాయల దండ వేలాడుతోంది. రంగయ్యకి ఎందుకో ఆ మిరపకాయలు చూస్తే కాస్త ధైర్యం వచ్చింది.

ముసలాయన ముందు రాజ్యలక్ష్మిని చూశాడు. ఆ చూపు ఆవిడ నుదుటి మీద ఒక్క క్షణం ఆగింది. తర్వాత కూర్చున్నచోటే ఒంగి నమస్కారం లాంటిది చేశాడు. మాట్లాడాడు. సూలాన్ విని, తేజకి ఇంగ్లీషులో చెప్పి, తనకి వచ్చిన మాటలు తనే తెలుగులో చెప్పింది.

"తాత అంటున్నాడు, యుద్ధం ఎవరు మొదలుపెట్టారో మాకు చెప్పిందే నేను నమ్మాను. ఇప్పటికీ అదే నమ్ముతున్నాను. అది మాత్రం నన్ను అడక్కండి అని."

"నేనూ మాకు చెప్పిందే నమ్ముతున్నానని చెప్పు," అంది రాజ్యలక్ష్మి. "నేను అది అడగను."

అది విని ముసలాయన తలూపాడు. బేరం కుదిరినట్టు. ఆ తర్వాత మాట్లాడింది ఎక్కువ. మధ్య మధ్య ఆగాడు. తేజ ముక్క ముక్కగా చెబుతూ వచ్చాడు.

"అప్పుడు ఆయనకి ఇరవై ఒకటట. కొండ దారిలో ఒక మలుపు దగ్గర, బండకి ఆనుకుని మన సైనికుడు ఒకడు పడి ఉన్నాడట. దెబ్బ తగిలింది. మొహం సరిగా గుర్తు లేదంటున్నాడు. మీసం ఉందో లేదో కూడా చెప్పలేడట, అబద్ధం ఆడనంటున్నాడు. ఆ మనిషి ఒకటే మాట అంటున్నాడట, మళ్ళీ మళ్ళీ. వాళ్ళ గుంపులో హిందీ తెలిసినవాడు ఉంటే అడిగాడట. ఇది హిందీ కాదు అన్నాడట వాడు. అర్థం తెలియకపోయినా ఆ మాట ఉండిపోయింది, పోలేదు అంటున్నాడు. ఇన్నేళ్ళలో అడగడానికి మీ దేశం మనిషి ఒక్కరూ ఎదురుపడలేదు. మీకేమైనా తెలుస్తుందేమోనని..."

"ఏమిటా మాట?" అంది రాజ్యలక్ష్మి.

సూలాన్ అడిగింది. ముసలాయన కళ్ళు మూసుకున్నాడు. చిన్నప్పుడు కంఠతా పట్టిన పద్యం అప్పజెప్పేవాడిలా, ఒక్కో ముక్కా విడదీసి పలికాడు.

"మన్... చి... నీ... లు."

ఆ మాటకి ఎవరూ తెలుగు చెప్పాల్సిన పని లేకపోయింది. రంగయ్యకి పీట మీద బోర్లించిన స్టీలు గ్లాసు కళ్ళ ముందు కదిలింది. బాబ్జీ మొహం అటు తిప్పేసుకున్నాడు.

తేజ అత్త ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "పెద్దత్తా, అది మామయ్యే అనుకోవడానికి లేదు. మనవాళ్ళు ఎంతమందో ఉండి ఉంటారక్కడ. నువ్వు అలా..."

"ఎవరైతే ఏంట్రా?" అంది రాజ్యలక్ష్మి. కళ్ళు పొడిగానే ఉన్నాయి. "ఏ తల్లి కన్న బిడ్డో." తర్వాత సూలాన్ వైపు తిరిగింది. "దాని అర్థం చెప్పు మీ తాతకి. చెప్పి, ఇచ్చాడేమో అడుగు."

రాజ్యలక్ష్మి గుడ్డ కట్టిన ఆ పిల్ల చేతిని తన చేతిలోకి తీసుకుంది, నొప్పి పుట్టకుండా, వదులుగా.

"అడుగమ్మా."

సూలాన్ అడిగింది.

పార భుజాన వేసుకుని వస్తున్న తిమ్మప్ప, ఏమైందో తెలియకపోయినా, గట్టు చివరనే ఆగిపోయాడు. తెర మీద ముసలాయన నెమ్మదిగా టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ మాటని ఈసారి అర్థం తెలిసి మళ్ళీ ఒకసారి తనలో తను పలుక్కున్నాడు. తలెత్తి, రాజ్యలక్ష్మినే చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు.

సూలాన్ వింటోంది. ఇంకా తెలుగు చెయ్యలేదు. రాజ్యలక్ష్మి ఫోను వైపు చూడడం మానేసి, ఆ పిల్ల మొహంలోకే చూస్తోంది.